కిటికీ పక్క మంచం

14, టాల్మాజ్ హౌస్
లండన్
18 సెప్టెంబరు 2009, శుక్రవారం

ప్రియమైన థెల్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నాకొచ్చినదాన్ని నేను నిలబడి చదివాను, అదీ ఆపరేషన్ చేసి మార్చిన కొత్త తుంటి మీద. మెట్లు ఎక్కొద్దని, బరువులెత్తొద్దని డాక్టరు లక్ష చెప్పాడు గానీ నగర కౌన్సిల్ ఉత్తరాలు నిలబడి చదవొద్దని మాత్రం చెప్పలేదు.

కవరు సోమవారమే వచ్చింది. అమ్మ పద్ధతిలోనే గడియారం వెనక నిలబెట్టి ఈ రోజు విప్పాను. నీకు గుర్తుందా, ఖాకీ కవరు చూస్తే చాలు, "శుక్రవారం దాకా దాన్ని గడియారం వెనక పడుకోబెట్టండే! నాన్న జీతం చేతిలో పడ్డాక విప్పితే సగం భయం తగ్గుద్ది" అనేది. నాన్న లేడు, జీతమూ లేదు. భయం మాత్రం పూర్తిగా ఉంది.

ఎండాకాలమంతా బిల్డింగు చుట్టూ ఇనప గొట్టాలు కట్టి పైకప్పు మార్చారని రాశాను కదా. కౌన్సిల్ బిల్డింగు, కౌన్సిల్ పని, మనకేం అనుకున్నాం. దాని ఖర్చులో నా వాటా ఇరవై ఆరు వేల నాలుగు వందల పౌండ్లట! ఏడాదిలోగా కట్టాలట. మా ఆయన స్టాన్, నేనూ 1987లో ఫ్లాటు మొత్తం కొన్నది తొమ్మిది వేలకి. అంటే నా ఇంటికి దాదాపు మూడింతలు నా కప్పు.

కొన్నాం కొన్నాం అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం గానీ, లీజు కాగితాలు తీసి చదివితే తెలిసింది. మేము కొన్నది నూట పాతికేళ్ళ పాటు ఈ గోడల మధ్య ఉండే హక్కు. గోడలు కౌన్సిల్‌వి, కప్పూ కౌన్సిల్‌దే. ఎప్పుడు బాగుచెయ్యాలో, ఎవరిచేత చేయించాలో వాళ్ళ ఇష్టం. డబ్బు మాత్రం మాది. ఇరవై నాలుగు ఇళ్ళలో కొన్నవాళ్ళం తొమ్మిది మందిమి. అద్దెకున్న పక్కింటావిడకి బిల్లు లేదు, ఆవిడ నన్ను చూసి "అయ్యో మేవిస్" అంటూ బిస్కట్ ఇచ్చింది. నాకు బిస్కట్ ఇచ్చేంత గతి పట్టింది.

నాకు వారానికి వచ్చే పెన్షన్ నీకు తెలుసు. కట్టలేకపోతే ఇల్లు అమ్మడమే. ఆపరేషన్ గోరుచుట్టు అయితే ఇది రోకలిపోటు. నీ దగ్గర డబ్బుంటుందని రాయడం లేదు, చెప్పుకోవడానికి ఎవరూ లేక రాస్తున్నాను. నీకేమమ్మా, సముద్రం పక్కన హాయిగా ఉన్నావు.

మా పిల్లి మేజర్ బాగానే ఉంది. నువ్వు ఫిబ్రవరిలో అలవాటు చేసిన సార్డీన్ చేపలు తప్ప ఇంకేం తిననంటోంది.

నీ అక్క
మేవిస్

*

క్లాక్టన్
24 సెప్టెంబరు

మేవిస్ అక్కకి,

నిజం చెప్పనా? నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత సిగ్గుపడ్డాను. ఆ తర్వాత మళ్ళీ చదివి మళ్ళీ నవ్వాను.

1987లో నువ్వు నాకొక ఫోటో పంపావు, గుర్తుందో లేదో. బిల్డింగులో అందరి తలుపులూ ఆకుపచ్చ, నీది మాత్రం కొత్తగా పసుపు రంగు వేయించి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డావు. వెనక "మా సొంత గుమ్మం" అని రాశావు. ఆ రోజుకి నా మొగుడు రాన్ నన్ను వదిలేసి సరిగ్గా ఆరు వారాలు. నేను ఒక బోర్డింగు హౌస్‌లో పై గదిలో ఉంటూ, కింది గదుల దుప్పట్లు ఉతికి అద్దె కడుతున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. చించెయ్యాలని ఎన్నిసార్లు తీశానో! తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టేదాన్ని. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, అది నా పొద్దుటి పని.

ఎందుకంటే ఆ తొమ్మిది వేలు నీ అదృష్టం కాదు అక్కా. ముప్ఫై ఒక్క ఏళ్ళు అద్దె కట్టింది అమ్మ. అన్నేళ్ళు అద్దెకున్నందుకు కౌన్సిల్ ఇచ్చిన తగ్గింపు అది. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో పదమూడేళ్ళు ఆ మెట్లు నేనూ కడిగాను. కానీ కొనే రోజున అమ్మ పక్కన ఉన్నది నువ్వు, నీ మొగుడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఇక్కడ అల్లుడు కొనేసుకున్నాడు.

చిన్నప్పుడూ అంతే. గదిలో రెండు మంచాలు, ఒకదాని పక్కన కిటికీ, నది మీద క్రేన్లు కనపడేవి. అది నీది, పెద్దదానివని. నాది గోడ పక్కది. పదమూడేళ్ళు గోడ చూశాను.

మా ఇంటి ఓనరు పెగ్లర్ కప్పు కారితే ఏం చేస్తాడో తెలుసా? బకెట్ తెచ్చి పెట్టి "రెండు రోజుల్లో ఆగుద్దిలే" అంటాడు. ఆగదు. కానీ నాకు బిల్లు పంపడు. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి నాకు నా బకెట్ ముద్దొచ్చింది.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఫర్వాలేదు.

థెల్మా

*

14, టాల్మాజ్ హౌస్
9 అక్టోబరు

థెల్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆకలేసి చేపలు, చిప్స్ తెప్పించుకుని తిన్నాను. నా చెల్లెలే కదా, కొత్తగా పుట్టిన కుళ్ళేం కాదు కదా అనుకున్నాను.

ఒక్క మాట మాత్రం అంటాను. కిటికీ పక్క మంచం మీద నేను పదమూడేళ్ళు చలికి వణికాను. ఆ కిటికీ ఎప్పుడూ సరిగా పడేది కాదు. నీ గోడ పక్కనే పొయ్యి గొట్టం వెళ్ళేది. వెచ్చగా నిద్రపోయిన దానివి నువ్వు. అమ్మ పోయేముందు ఎవర్ని పిలిచిందో చెప్పనా? నాలుగేళ్ళు ఒళ్ళు తుడిచినదాన్ని పక్కనే ఉన్నాను, "థెల్మా వచ్చిందా?" అంది. ఇది నీకు ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పాలి, కానీ చెప్పేశాను.

సరే, అసలు విషయం. మూడో అంతస్తు క్లెమెంట్ ఓసెయ్ గారు తెలుసు కదా, రిటైరైన బస్సు డ్రైవరు, కొన్న తొమ్మిది మందిలో ఒకరు. ఆయన లైబ్రరీలో కూర్చుని చట్టం తిరగేశాడు. కౌన్సిల్ ఇలాంటి పెద్ద పనికి మా దగ్గర డబ్బు వసూలు చెయ్యాలంటే ముందు నోటీసు పంపాలట. ఏం పని, ఎందుకు, ఎంతవుతుంది అని అందులో చెప్పాలి. మా అభిప్రాయం రాయడానికి ముప్ఫై రోజులు ఇవ్వాలి, రాసింది పట్టించుకోవాలి. అలా చెయ్యకపోతే ఇంటికి రెండు వందల యాభై పౌండ్లు మించి అడిగే హక్కు లేదు. ఇరవై ఆరు వేలు ఎక్కడ, రెండు వందల యాభై ఎక్కడ!

కౌన్సిల్‌ని అడిగితే "ఫిబ్రవరి రెండో తేదీనే అందరికీ పోస్టు చేశాం, మార్చి మూడు దాకా గడువిచ్చాం" అంటున్నారు. క్లెమెంట్ గారికి వచ్చిందట. ఆయన విప్పి చూసేసరికి గడువింకా నాలుగు రోజులే ఉందట. "నాదే తప్పమ్మా, ఎప్పుడొచ్చిందో ఏంటో, కవరు బల్ల మీద పడేసి మర్చిపోయుంటాను" అని తల కొట్టుకుంటున్నాడు. మిగతావాళ్ళదీ అదే పాట. కప్పు ఒక్క మూలే కారుతోంది, అతుకు వేస్తే చాలని తెలిసిన పనివాడొకడు ఆయనకి చెప్పాడట. అది రాసి పంపడానికి టైము చాలలేదు.

కానీ నాకు అసలు రాలేదు థెల్మా! ఒట్టు, ఆ కాగితం నేను చూడనే లేదు. ట్రిబ్యునల్‌కి వెళ్తే నా ఒక్కదాని బిల్లైనా కొట్టేస్తారని క్లెమెంట్ గారి ఆశ. అయితే వాళ్ళు అడుగుతారట, "ఆసుపత్రిలో ఉన్నారు కదా, ఇంట్లో ఎవరున్నారు, ఉత్తరాలు ఎవరు తీశారు" అని. ఉన్నది నువ్వే. ఫిబ్రవరి పది నుంచి మార్చి ఆరు దాకా. మేజర్‌కి తిండి పెట్టి, నా ఉత్తరాలు తీసి దొంతర పెట్టింది నువ్వే. అందులో అది లేదు. అదే మాట ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు, చాలు.

నీకు నా మీద ఎంత కడుపుమంట ఉన్నా ఈ ఒక్క సంతకానికి అడ్డం రాదనుకుంటాను.

మేవిస్

*

క్లాక్టన్
21 అక్టోబరు

అక్కా,

ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే గాలి. కెరటాలు గోడ దాటి రోడ్డు మీదకొస్తున్నాయి. వేసవికొచ్చిన జనం వెళ్ళిపోయారు, ఐస్‌క్రీం కొట్టు మూసేశారు. పెగ్లర్ బకెట్ మార్చాడు, కొత్తది ఎర్రది. నా దగ్గు తగ్గింది.

అమ్మ నన్ను పిలిచిందన్న మాట పద్దెనిమిదేళ్ళు దాచుకున్నావంటే నమ్మలేకపోయాను. నువ్వు ఫోన్ చేసి "ప్రశాంతంగా పోయింది" అన్నావు అప్పుడు. దాని గురించి ఇప్పుడు రాయలేను.

ఒకటి ఆలోచించాను. ఎందుకీ గొడవంతా నీకు? ఆ ఫ్లాటు అమ్మెయ్యి. లండన్‌లో ఇప్పుడు రేట్లు మండుతున్నాయి కదా, బిల్లు కట్టినా బోలెడు మిగులుతుంది. ఇక్కడికి వచ్చెయ్. కింద రెండు గదుల ఇల్లు ఖాళీ అయింది, మెట్లు లేవు, నీ తుంటికీ మంచిది. పొద్దున్నే ఇద్దరం సముద్రం ఒడ్డున టీ తాగొచ్చు. ట్రిబ్యునల్ అంటే ఎన్ని నెలలో, ఎంత విసుగో. మన వయసులో అవసరమా?

మేజర్‌కి సార్డీన్లు టమాటాలో వేసినవి ఇవ్వకు, నూనెలో వేసినవే ఇష్టం.

థెల్మా

*

14, టాల్మాజ్ హౌస్
2 నవంబరు

థెల్మా,

గాలి గురించి రాశావు, బకెట్ రంగు గురించి రాశావు, పిల్లికి ఏ చేపలిష్టమో రాశావు. నేను అడిగినదాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

చిన్నప్పుడు నా నీలం రిబ్బన్ పోయినప్పుడూ ఇంతే. "రిబ్బన్ చూశావా?" అంటే "ఇవాళ సూప్ బాగుంది" అన్నావు. నాలుగు రోజుల తర్వాత అది నీ దిండు కింద దొరికింది.

నేను ఇల్లు అమ్మి రావాలని ఉంది నీకు. అంటే ఇద్దరం అద్దె గదుల్లో సమానమవుతాం. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఊరికే అనలేదు. ఈ ఇంట్లో అమ్మ పోయింది, స్టాన్ పోయాడు, నేనూ ఇక్కడే పోతాను. పసుపు తలుపు మీద రంగు ఊడిపోయినా సరే.

కాగితం క్లెమెంట్ గారు టైపు చేయించి పెట్టారు, ఇందులో జతచేశాను. "నేను ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో కౌన్సిల్ నుంచి అటువంటి నోటీసు ఏదీ రాలేదు" అని ఉంది. కింద సంతకం పెట్టి పన్నెండో తేదీలోగా నాకు చేరేలా పంపు. నా కాగితం మీద నేను పెట్టేశాను. నా ముందు క్లెమెంట్ గారు చదివి వినిపించాడు, చెయ్యి వణక్కుండా పెట్టాను. నిజం కాబట్టి వణకలేదు.

నీ చెయ్యి వణికితే ఎందుకో చెప్పు.

మేవిస్

*

క్లాక్టన్
9 నవంబరు

అక్కా,

మూడుసార్లు పెన్ను తీశాను. మూడోసారి "థె" దాకా రాసి కొట్టేశాను. అదే కాగితం తిప్పి పంపుతున్నాను, నీ క్లెమెంట్ గారిని క్షమించమను.

ఆ నోటీసు వచ్చింది.

శుక్రవారం పొద్దున వచ్చింది. నువ్వు ఆసుపత్రికి వెళ్ళి పది రోజులైంది. ఖాకీ కవరు. పైన పెద్ద అక్షరాల్లో "ఫ్లాటు యజమానులకు ముఖ్యమైన నోటీసు" అని ఉంది. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నా జన్మలో నాకొచ్చిన ఖాకీ కవర్లన్నిటి మీదా అద్దె బాకీ అనో, గ్యాసు కట్ చేస్తామనో ఉండేది. నీకు మాత్రం ఖాకీ కవరు కూడా యజమానీ అని పిలుస్తూ వస్తుంది. ఏదో కౌన్సిల్ వాళ్ళు మీకు తేరగా ఇచ్చేదేమో అనుకున్నాను. కొత్త కిటికీలో, డబ్బు వాపసో. నీకు ఇంకో మేలు జరగబోతోందని, అది నా చేతుల మీదుగా నీకు అందాలా అని అనిపించింది. అదీ నా బుర్ర.

విప్పలేదు. గడియారం వెనక నిలబెడితే అమ్మ పద్ధతే అని చెప్పుకోవచ్చు. కానీ నేను గడియారం తిప్పి, వెనక చిన్న చెక్క తలుపుందే, అది తీసి లోపల దోపాను. నువ్వు ముందు వైపు నుంచే కీ ఇస్తావు, ఆ తలుపు ఎప్పుడూ తియ్యవు. అది తెలిసే పెట్టాను. వెనక పెట్టి ఉంటే మతిమరుపు అనుకో. లోపల పెట్టడం మతిమరుపు కాదు. పైగా ఆ రోజు శుక్రవారమే, అమ్మ లెక్కలో విప్పాల్సిన రోజే.

వెళ్ళేటప్పుడు చెప్దామనుకున్నాను. నువ్వు కర్ర పట్టుకుని వచ్చి, సోఫాలో కూర్చుని, "అబ్బ, సొంతిల్లు సొంతిల్లేనే" అన్నావు. చెప్పలేదు.

ఇప్పుడు నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెడితే నీ ఇల్లు నిలబడుతుంది. పెట్టకపోతే నిజం చెప్పినదాన్నవుతాను. కానీ నీ ఇల్లు పోవాలని ఇరవై రెండేళ్ళు కోరుకున్నదాన్ని కూడా నేనే కదా! మరి ఇది నిజాయితీయో కుళ్ళో నాకే తెలియడం లేదు. రెండూ ఒకే మాట చెప్తున్నాయి నాకు. అబద్ధమాడటం నాకు కొత్త కాదు, నీ కోసం ఇంకొకటి ఆడి ఉండేదాన్నే. కానీ ప్రమాణం చేసేది నువ్వు. నిజమనుకుని చేస్తావు. నా అబద్ధాన్ని నీ నోటితో చెప్పించలేను.

గడియారంలోనే ఉంది. ఏం చేస్తావో నీ ఇష్టం. తగలబెట్టినా నేను ఎవరికీ చెప్పను.

థెల్మా

*

14, టాల్మాజ్ హౌస్
13 నవంబరు, శుక్రవారం

తలుపు తీశాను. ఉంది.

గ్యాసు పొయ్యి వెలిగించే ఉంది. ఏం చేస్తానో నీకు చెప్పను. నీ రిబ్బన్ బుద్ధి నీతోనే పోతుంది.

ఇక నాకు రాయకు.

*

క్లాక్టన్
డిసెంబరు (క్రిస్మస్ కార్డు)

రాయొద్దన్నావు కాబట్టి ఇది ఉత్తరం కాదు. పండగ శుభాకాంక్షలు, నీకూ మేజర్‌కీ. సార్డీన్లకి ఐదు పౌండ్లు లోపల పెట్టాను.

థె.

*

14, టాల్మాజ్ హౌస్
13 మార్చి 2010

థెల్మా,

నాలుగు నెలలు మాట్లాడకుండా ఉండగలిగానంటే నా మీద నాకే ఆశ్చర్యంగా ఉంది. ఇది కోపం పోయి రాస్తున్న ఉత్తరం కాదు. కోపం ఉంది. దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది, అది చెప్పడానికి రాస్తున్నాను.

ఆ శుక్రవారం నీకు ఆ నాలుగు ముక్కలు రాసి అంటించాక కవరు చేతిలో పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. కింద కూర్చోకూడదు నేను, అయినా కూర్చున్నాను. ఒక్క క్షణం పని. కవరు బూడిదైతే నోటీసు రాలేదు, నేను సంతకం పెట్టింది నిజం, రెండు వందల యాభై కట్టి ఇంట్లో ఉంటాను. అంచు మంటకి పెట్టబోయాను. అప్పుడు అమ్మ గొంతు వినపడింది, "శుక్రవారమే కదే, విప్పు" అన్నట్టు. దొంగతనం చేసేటప్పుడు కూడా పద్ధతి పాటించే వంశం మనది.

విప్పాను. పైన తేదీ ఫిబ్రవరి రెండు, గడువు మార్చి మూడు, అంతా కౌన్సిల్ చెప్పినట్టే ఉంది. ఏడుపొచ్చి కళ్ళద్దాలు తీసేశాను. కాగితం మడిచి కవరులో పెట్టబోతుంటే పై మూల ఎర్ర ముద్ర కనపడింది, వాళ్ళ యంత్రం కొట్టే తపాలా ముద్ర. కానీ ఆ తేదీ నాకు కళ్ళద్దాలు లేకపోయినా కనపడుతుంది, మా స్టాన్ పుట్టినరోజు. ఫిబ్రవరి పందొమ్మిది.

అర్థమైందా? కాగితం మీద రెండో తేదీ వేసుకున్నారు, పోస్టు చేసింది పందొమ్మిదిన. ముప్ఫై రోజులు ఇచ్చామన్నారు, చేతికొచ్చేసరికి పన్నెండు రోజులు మిగిలాయి. నాకొక్కదానికే కాదు, తొమ్మిది మందికీ! పాపం క్లెమెంట్ గారు అన్నాళ్ళూ తను ఆలస్యంగా విప్పాననుకుని తల కొట్టుకున్నాడు. కానీ అది రుజువు చేసే కవరు ఎవరి దగ్గరా లేదు. కవరు ఎవరు దాచుకుంటారు? కాగితం తీసుకుని కవరు చెత్తలో పడేస్తారు మనుషులు. పోస్టులో వచ్చింది వచ్చినట్టు, అంటించింది అంటించినట్టు, తొమ్మిది నెలలు పదిలంగా ఉన్నది మా ఇంటి గడియారంలో ఒక్కటే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కర్ర పట్టుకుని మూడో అంతస్తుకి మెట్లెక్కాను, డాక్టరుని పక్కన పెట్టి. నేను పెట్టిన సంతకం కాగితం వెనక్కి తీసుకుని చించేశాను. "నోటీసు రాలేదన్నాను, తప్పు. వచ్చింది. ఇదిగో" అన్నాను. ఆయన ముద్ర చూసి, కాగితం చూసి, మళ్ళీ ముద్ర చూసి, కుర్చీలో కూలబడి, "మేడమ్, ముందు టీ పెట్టనివ్వండి, లేకపోతే పడిపోతాను" అన్నాడు.

పోయిన నెల ట్రిబ్యునల్ జరిగింది. కోర్టులా ఉండదు, ముగ్గురు బల్ల వెనక కూర్చున్నారు, మంచినీళ్ళ కూజా ఉంది. కౌన్సిల్ తరఫున వచ్చిన అమ్మాయి, "అన్నీ రెండో తేదీనే వెళ్ళాయి, మా కంప్యూటర్లో ఉంది" అంది. పెద్దాయన కవరు దీపం కింద పెట్టి చూశాడు. నా వైపు తిరిగి, "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అన్నాడు.

"గడియారంలో ఉందండీ."

"గడియారంలోకి ఎలా వెళ్ళింది?"

చెప్పొద్దనుకున్నాను థెల్మా. కానీ నిజమే చెప్తానని అప్పుడే అన్నాను కదా. "మా చెల్లెలు దాచింది. నా మీద కుళ్ళుతో" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. కౌన్సిల్ అమ్మాయి కూడా నవ్వింది, నవ్వాక నాలుక కరుచుకుంది.

తీర్పు మొన్న వచ్చింది. నోటీసు చట్టప్రకారం ఇవ్వలేదు, యజమానులకి తమ మాట చెప్పుకునే అవకాశం లేకుండా చేశారు, ఇంటికి రెండు వందల యాభై మించి వసూలు చెయ్యడానికి వీల్లేదు అని. తొమ్మిది ఇళ్ళకీ. నా ఇల్లు నాదే. అంటే, గోడల మధ్యది.

నిన్న క్లెమెంట్ గారింట్లో అందరూ చేరారు. వాళ్ళావిడ వేయించిన అరటికాయ, అన్నం, కోడికూర చేసింది. గోడ మీద ఒక ఫోటో తగిలించారు. ఎవరిదనుకున్నావు? నీది. పోయినేడు ఫిబ్రవరిలో మేజర్‌ని ఎత్తుకుని తీయించుకున్నది, నా ఫ్రిజ్ మీద నుంచి క్లెమెంట్ గారు అడిగి తీసుకెళ్ళాడు. దాని కింద గ్లాసులు పైకెత్తి, "థెల్మా కుళ్ళుకి!" అని తాగారు. తొమ్మిది ఇళ్ళవాళ్ళు! పై అంతస్తు పామ్, పదిహేనేళ్ళుగా నాకు గుడ్ మార్నింగ్ చెప్పని మనిషి, నీ అడ్రసు అడిగింది, నీకు కేకు పంపుతుందట.

నేను ఈ బిల్డింగులో యాభై నాలుగేళ్ళుగా ఉన్నాను. మెట్లు కడిగాను. మంచు పడితే గుమ్మాల ముందు ఉప్పు చల్లాను. ఆ కవరు తగలబెట్టకుండా, సంతకం చించేసి, తుంటి నొప్పితో మూడంతస్తులెక్కి ఇచ్చింది నేను. నా ఫోటో ఎవడూ తగిలించలేదు. అరటికాయ పళ్ళెం పక్కన పెట్టేశాను. నవ్వుతూ కూర్చున్నాను గానీ లోపల భగ్గుమంది. ఇంటికొచ్చి ఒక్కదాన్నే ఉండి, అద్దంలో నా మొహం చూసుకుంటే, నీ మొహంలా ఉంది. 1987లో తలుపు చూడ్డానికి వచ్చినప్పుడు నువ్వు పెట్టిన మొహం.

ఒక్క రాత్రి నాకు. ఒక్క రాత్రికే ఇలా ఉంది. ఇరవై రెండేళ్ళు దీన్ని ఎలా మోశావే?

దీనికేదైనా మందుందా, తెలిస్తే రాయి.

నీ అక్క
మేవిస్

తా.క. ఐదు పౌండ్లు ముట్టాయి. మేజర్ తిన్నది.

*

క్లాక్టన్
17 మార్చి (పోస్టు కార్డు)

అక్కా,

మందు లేదు. అలవాటవుతుంది.

శనివారం పదకొండు గంటల రైలుకి వస్తున్నాను. అరటికాయ ఏమైనా మిగిలితే అట్టేపెట్టు. కిటికీ పక్క మంచం నాది, ముందే చెప్తున్నాను. చలేస్తే వణుకుతాను, నీకెందుకు?

థెల్మా